దూసరితీగ రవికె

ఆస్మా పెన్సిలును ఎడమచేత పట్టుకొన్న క్షణాన సుశీలమ్మ ఆగి చూడవలసింది. ఆగలేదు.

“కుడిచేత పట్టుకో పాపా. విద్యకు కుడిచేయి,” అని ఆ చిన్న మణికట్టును వేలికొనతో తాకి, తరువాతి జంటవైపు నడిచింది.

ప్రొద్దుటూరిలో వర్తకులు కట్టించిన సత్రం మేడమీది హాలులో ప్రతి శనివారం మధ్యాహ్నం ఆమె ఆడపిల్లలకు బొమ్మలు నేర్పుతుంది. జమ్మలమడుగు ఉన్నత పాఠశాలలో డ్రాయింగు ఉపాధ్యాయినిగా పదవీ విరమణ చేసిన నాటినుంచి ఇదే ఆమె వ్రతం. తెల్లవారుజామున పూజ ముగించి, మడిబట్ట విడిచి, పదకొండు గంటల బస్సెక్కి వస్తుంది. వచ్చే పిల్లలందరూ పదేండ్లకు పన్నెండేండ్లకు నడుమ వాళ్లు. బొమ్మలొక్కటే నేర్పితే చాలదని ఆమె నమ్మకం. పెద్దల ఎదుట తల యెత్తి మాట్లాడడం, తెలియని ఊరిలో దారి అడగడం, ఒంట్లో నలతగా ఉంటే దాచకుండా చెప్పడం, ఇవన్నీ రంగులతోపాటు కలిపి ఇచ్చేది.

ఆనాటి పాఠం ఎదుటి ముఖాన్ని గీయడం. ఇద్దరిద్దరు ఎదురుబొదురుగా కూర్చోవాలి. కాగితాన్ని ఎంతసేపు చూస్తారో, అంతకు రెండింతలు ఎదుటి మనిషిని చూడాలి. ఆస్మాకు జంటగా గాయత్రి కూర్చున్నది. ఆ సత్రానికి కార్యదర్శి, పట్టుచీరల వర్తకుడు అయిన పట్టాభిరామయ్యకు గాయత్రి మనుమరాలు.

“ఏమ్మే, నా ముక్కు ఇంత పొడుగుందా ఏంది?” గాయత్రి వంగి చూచి కేక పెట్టింది.

“నువ్వు కదలొద్దు. కదిలితే ఇంగా పొడుగైతాది.”

“టీచర్, సూడండి టీచర్! నన్ను ఏనుగును చేస్తాంది!”

పిల్లలు పకపక నవ్వారు. సుశీలమ్మ కూడా నవ్వుతూ వచ్చి, కాగితంమీదికి వంగి, నవ్వు ఆపింది. ముక్కు పొడుగు కాలేదు, గీత వణికింది. ఆస్మా గీత వణకడం ఆమె ఇంతవరకు ఎరుగదు. ఈ పిల్ల చేయి ఒకసారి కాగితానికి ఆనిందంటే, తామరాకు మీది నీటిబొట్టు జారినట్లు తడుముకోకుండా సాగిపోయేది. ఇప్పుడు ఆ పెన్సిలును మధ్యవేలికి ఉంగరపువేలికి నడుమ, కాలుతున్న పుల్లను పట్టుకొన్నట్లు ఇరికించుకొని ఉన్నది.

“మనసు యాడ పెట్టుకోనుండావు?”

“ఈడనే టీచర్.”

“మరి గీత అట్లెందుకు పోతాంది? శ్రద్ధ లేని చేతికి సరస్వతి లొంగదు పాపా.”

ఆ పిల్ల దగ్గర కిరసనాయిలు వాసన వేస్తూ ఉన్నది. ఇంట్లో పొయ్యి వెలిగించి వచ్చి ఉంటుందనుకొని, చేతులు కడుక్కొని రమ్మన్నది సుశీలమ్మ. పిల్ల లేచి వెళ్లి, కడుక్కొని వచ్చి కూర్చున్నది. వాసన పోలేదు.

విరామంలో బొరుగుల ఉండలు పంచుతుండగా గాయత్రి సంచిలోనుంచి తల్లి ఫోను తీసింది. వచ్చే శుక్రవారం ఆ పిల్లకు ఓణీల వేడుక.

“నా రవికె సూద్దురు రాండే! వీపు అయిపోయింది. ఒక చెయ్యి మాత్రం ఇంగా కుట్టల్ల.”

తలలన్నీ ఒకచోట చేరాయి. సుశీలమ్మ వాళ్ల భుజాల మీదుగా చూచింది. చిలకపచ్చ పట్టుమీద బంగారు జరీతో రాతిగోడ, గోడలో ఒక నెర్రె, ఆ నెర్రెలోనుంచి మెడదాక పాకిన దూసరితీగ. కుడివైపున ఒక ఆకును నడిమి ఈనెవరకు పురుగు తిని ఉన్నది. పురుగు తిన్న చిల్లుల అంచున గసగసాలంత ముత్యాలు వరుసగా కుట్టి ఉన్నాయి.

ఉండల పళ్లెం సుశీలమ్మ చేతిలోనే నిలిచిపోయింది. మాఘమాసంలో పిల్లలను గండికోటకు తీసికొనిపోయినప్పుడు, కోటగోడమీది ఈ తీగలో అందరూ ఏ చిల్లూ లేని ఆకును ఏరుకొని గీశారు. ఆస్మా ఒక్కతే పురుగు తిన్నదానిని గీసింది. మంచి ఆకు దొరకలేదా అని అడిగితే, “అదీ ఈ తీగదే గదా టీచర్” అన్నది.

“ఇది మన ఆస్మా గీసిన బొమ్మ గదా!”

“అవునా టీచర్?” గాయత్రి కనులు పెద్దవి చేసింది. “మా తాత కొత్త డిజైను అన్న్యాడు. ఎవురిదని చెప్పలా. ఏమ్మే ఆస్మా, నీదంట!”

ఆస్మా తల యెత్తలేదు. గాయత్రి బొమ్మకు జడ గీస్తూ, గీచినదాన్నే మళ్లీ గీస్తూ ఉన్నది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. అడగకుండా తన బొమ్మను ఎత్తుకొనిపోయినందుకు పిల్ల చిన్నబుచ్చుకొన్నదని సుశీలమ్మ అర్థం చేసికొన్నది. ఆమె గుండెలో ధర్మాగ్రహం నిప్పు రాజుకొన్నట్లు రాజుకొన్నది.

* * *

పట్టాభిరామయ్య అంగడిలో ఆషాఢపు తగ్గింపు అమ్మకాలు ముగిసి, శ్రావణపు సరుకు దిగుతూ ఉన్నది. తెల్లని పరుపుమీద కూర్చుండి ఒక పెండ్లివారికి చీరలు విప్పి చూపుతున్న ఆయన, సుశీలమ్మను చూడగానే లేచి చేతులు జోడించాడు. నుదుట తిరునామం, భుజాన ఉత్తరీయం. ఏకాదశినాడు అంగడి మూసి భజనకు కూర్చునే మనిషి. హాలుకు ఈ ఆరేండ్లలో ఏనాడూ అద్దె అడిగి ఎరుగడు.

“రాండమ్మా, రాండి. బయట నిలబడినారేంది? కూచోండి.”

“కూర్చోనులెండి. ఒక్క మాట అడిగి పోతాను. అడగకపోతే నాకు మనసొప్పదు. గాయత్రి రవికెమీది తీగ మా బడిపిల్ల గీసింది. నేనే ఆ బొమ్మను మీకు చూపించినా. మీరు ఫోనులో పట్టుకున్నారు. పసిబిడ్డదని ఒక మాటైనా అడగకుండా…”

“దొంగతనం చేసినానంటారు?” ఆయన నొచ్చుకోలేదు; హాయిగా నవ్వాడు. “ఒకరి సొమ్ము నాకెందుకు తల్లీ? గీసింది ఆ బిడ్డే. కుట్టింది గూడా ఆ బిడ్డే.”

సుశీలమ్మకు వెంటనే తెలియలేదు. “ఎవరు?”

“ఆస్మా. కువైట్‌కు పోయిన మన నయీం కూతురు. వాళ్లమ్మ మెహబూబున్నీసా పదేండ్లనుంచి మనకు మగ్గం పని చేస్తాది. చెయ్యి మంచిదే గాని ఆమెది పాత వాలకం. మామిడిపిందె, నెమలి, అంతటితో సరి. బిడ్డ కూచున్న్యాక సూడండి! చెన్నూరునుంచి, వేంపల్లెనుంచి పెండ్లికూతుర్లు ఈ పనే కావల్లని వస్తాండారు. అంతా మీ చలవ. ‘ఈ చేతిలో దేవుడుండాడు’ అని ఆనాడు మీరు ఆ కాగితం నా ముందర పరచకపోతే, నాకు యాడ తెలుస్తాది?”

ఆ మాట తాను అన్నది. మురిసిపోతూ అన్నది. నైవేద్యపు పళ్లెం మీది గుడ్డ తీసినట్లు, ఆ బొమ్మ చుట్టను ఈ పరుపుమీదనే విప్పింది.

“అది పదకొండేండ్ల బిడ్డ పట్టాభిరామయ్యగారూ.”

“అందుకేగదా, వేలు వంగుతాది. నీడపట్టున, తల్లి పక్కన కూచోని చేసే పని. బయటికి పొయ్యేది లేదు, ఎవురి మాటా పడేది లేదు. విద్యకు ఫలం ఉండల్లని మీరే చెప్తారు గదా.” గొంతులో కపటం లేదు. అదే ఆమెను ఎక్కువ కలవరపెట్టింది. “మీ శనివారం బడిని మాత్రం మాన్పించొద్దని నేనే మెహబూబున్నీసాకు గట్టిగా చెప్పినా. కొత్త బొమ్మలు ఆడనే పుడతాండాయి.”

పెండ్లివారిలో ఒకామె అంచు రంగు అడిగింది. ఆయన అటు తిరిగి మరొక మడత విప్పాడు.

సుశీలమ్మ మెట్లు దిగింది. బస్టాండులో జమ్మలమడుగు బస్సు వచ్చి, నిండి, వెళ్లిపోయింది. ఆమె బల్లమీదినుంచి లేవలేదు. ఆరు నెలలుగా తాను ఇచ్చిన ప్రతి పాఠం, ఆస్మా గీచిన ప్రతి పూవు, ప్రతి పిట్ట, కాగితంమీదినుంచి నేరుగా ఎక్కడికి పోతున్నదో లెక్కకు వస్తూ ఉంటే, తన నోటి మెప్పుదల తనకే వెగటు పుట్టింది.

* * *

మరునాడు ఆదివారం. మసీదు వెనుక సందులో మెహబూబున్నీసా ఇల్లు ఒకటే గది. ఆ గదిలో మనుషులకంటె మగ్గానికే చోటు ఎక్కువ. నాలుగు కొయ్యబద్దల చట్రానికి చిలకపచ్చ పట్టును దారాలతో బిగించి కట్టి ఉన్నది, డప్పుమీది తోలువలె. దానికి ఒకవైపున తల్లి, ఒకవైపున ఆస్మా. ఆస్మా చెల్లెలు, తొమ్మిదేండ్ల మసరత్ గడపలో కూర్చుండి, పళ్లెంలోని ముత్యాలను చిన్నవీ పెద్దవీ వేరుచేస్తూ ఉన్నది.

సుశీలమ్మను చూచి ఆస్మా గబుక్కున లేవబోయింది. సూది పట్టులో దిగి ఉన్నది. లేవలేక అట్లే నిలిచిపోయింది.

“అల్లా! టీచరమ్మా, మీరా! మసరత్, చాప తీసకరాపో.”

ఆ గదిలో సుశీలమ్మకు మొదట తెలిసింది నిన్నటి కిరసనాయిలు వాసన. ఒక మూల సన్నకాగితం మీద ఒక పిట్ట ఉన్నది. కిందటి వారం బడిలో వేసిన పిట్టే. దాని గీతల వెంబడి సూదితో చిల్లులు పొడిచి ఉన్నారు. ఆ కాగితాన్ని గుడ్డమీద పరచి, తెల్లపొడి కలిపిన కిరసనాయిలులో దూది ముంచి రుద్దితే, పిట్ట చుక్కలు చుక్కలుగా పట్టుమీదికి దిగుతుంది. దూది, గిన్నె అక్కడే ఉన్నాయి.

ఆమె చాపమీద కూర్చోలేదు. ఆస్మా పక్కకు వెళ్లి, ఆ కుడిచేతిని తన చేతిలోకి తీసికొన్నది. ఈసారి తిప్పి చూచింది. సన్నని కొక్కెపు సూదిని గంటలకొద్ది తిప్పి తిప్పి బొటనవేలి కొన, చూపుడువేలి కొన పొక్కి, పగిలి, మళ్లీ పొక్కి ఉన్నాయి. గుడ్డ అడుగున దారం అందించే ఎడమ చూపుడువేలికి దారం ఒరసి, కొడవలి గీత వంటి గాడి పడి ఉన్నది.

“నిన్న చెప్పరాదా తల్లీ? ‘నొస్తాంది టీచర్’ అని ఒక్క మాట?”

ఆస్మా తల్లివంక చూచింది.

“చెప్పొద్దని నేనే అన్న్యా,” అన్నది మెహబూబున్నీసా. కొంగు సవరించుకొని తాను లేచి నిలిచింది. “మీరు కోపం చేసుకుంటారని కాదు. పాపకు మీ శనివారం బడి పోతాదని.”

“మామూలు బడి? ఆరో తరగతి?”

“అయిదు పాసైంది. ఆరులో చేర్చలా.”

“జూన్ నెలలో బడులు తెరిచినారు. ఇది జులై ఆఖరు.”

“తెలుసమ్మా. నాకు తెలీదా?” ఆమె గొంతు హెచ్చలేదు. “వాళ్లబ్బను కువైట్‌లో పనిలోంచి తీసేసినారు. పని ఇచ్చే ఇంగో ఆసామి దొరికేదాంక ఆయప్పకే ఆడ గడవడంలే. నాకు సూపు మందగించింది. సూదిలోకి ముత్యం ఎక్కించల్లంటే కండ్లల్లో నీళ్లు కారతాండాయి. అప్పుడే షావుకారు వచ్చి, ‘నీ బిడ్డ చేతిలో దేవుడుండాడంట, టీచరమ్మే చెప్పింది’ అన్న్యాడు. మీ అంతటోళ్లు చెప్పినాక నేను కూచోబెట్టినా. మీరట్ల అనకుంటే, ఊరికే పిచ్చిగీతలు గీస్తాంది అనుకోని బడికే తోలేదాన్ని.”

సుశీలమ్మ చెప్పదలచి కూర్చుకొని వచ్చిన మాటలు చాలా ఉన్నాయి. చట్టం ఉన్నది, పాపపుణ్యాలు ఉన్నాయి, తల్లి ధర్మం ఉన్నది. వాటిని పక్కన పెట్టింది.

“పులివెందులలో ఆడపిల్లల గురుకులం ఉంది,” అన్నది చివరకు. “ఆరో తరగతిలో కొన్ని సీట్లు మిగిలినాయి. భోజనం, వసతి, పుస్తకాలు అన్నీ వాళ్లే చూస్తారు. మంగళవారం ఆఖరు దినం. తల్లి వచ్చి సంతకం చేయాలి.”

మెహబూబున్నీసా మగ్గంవంక చూచింది. ఎడమచేతి గుడ్డమీద తీగ మోచేతివరకే వచ్చి ఉన్నది. శుక్రవారం వేడుక. ఆమె ఆ మిగిలిన పట్టుమీద అరచేయి పెట్టి, జానలతో కొలుస్తున్నట్లు మెల్లగా జరిపింది.

“చెయ్యి నేను కుడతాలే,” అన్నది. “పోదాం.”

ఇంత సులభంగా ఒప్పుకొంటుందని సుశీలమ్మ అనుకోలేదు. ఆస్మా ఒక్క మాటైనా అనలేదు. వంగి, సూదిని పట్టులోనుంచి జాగ్రత్తగా తీసి, మళ్లీ గుచ్చింది. ఆ మౌనాన్ని సుశీలమ్మ సంతోషమే అనుకొన్నది.

* * *

సోమవారమంతా ప్రాథమిక పాఠశాలలో బదిలీపత్రానికి, ఆధారు నకళ్లకు తిరగడంతో సరిపోయింది. మంగళవారం ఉదయం ముగ్గురూ పులివెందుల బస్సెక్కారు. ముద్దనూరు దాటేవరకు ఆస్మా కిటికీలోనుంచి చూస్తూనే ఉన్నది. బత్తాయి కాచే చీనీతోటలు వచ్చాయి. ఎర్రని గుట్టలు వచ్చాయి. సుశీలమ్మ ఒకటి రెండుసార్లు, “ఆ గుట్ట రంగు చూడు పాపా, ఏం కలిపితే వస్తుంది?” అని అడగబోయి, ఎందుకో మానుకొన్నది.

గురుకులం ప్రధానోపాధ్యాయిని మాట తక్కువ మనిషి. ఒక పుస్తకం తీసి ఆస్మాచేత చదివించింది. తడబడకుండా చదివింది. రెండు భాగహారాలు ఇచ్చింది. పెన్సిలును మధ్యవేలికి ఉంగరపువేలికి నడుమ ఇరికించుకొనే చేసింది, రెండూ సరిపోయాయి.

“బాగుంది. మరి ఇక్కడ ఉంటావా పాపా? అమ్మమీద బెంగ పెట్టుకోవు గదా?”

“నేను ఉండను మేడమ్.”

ప్రధానోపాధ్యాయిని సుశీలమ్మ ముఖం చూచి, “బయట కూర్చుని మాట్లాడుకొని రండి. ఒంటిగంట వరకు ఉంటాను,” అన్నది.

వరండాలోకి రాగానే సుశీలమ్మ నిగ్రహం సడలింది.

“ఏంది పాపా ఇది? రెండు దినాలనుంచి మీ అమ్మ, నేను కాళ్లరిగేటట్టు తిరిగినాం. ఆ వేళ్లు చూచుకున్నావా? ఆ చట్రం ముందరే బతుకంతా కూర్చుంటావా?”

“నేను పోతే మసరత్‌ను కూచోబెడతారు టీచర్.”

మెహబూబున్నీసా తిరిగి చూచింది. “ఎవురు చెప్పినారు నీకు?”

“షావుకారు. మొన్న గుడ్డ ఇయ్యడానికి వచ్చినప్పుడు నువ్వు నీళ్లకు పోయింటివి అమ్మీ. మసరత్ వేళ్లు పట్టుకోని సూసినాడు. ‘నీకన్నా దీని వేళ్లు సన్నంగా ఉండాయే, సూది ఇంగా బాగా తిరుగుతాది’ అన్న్యాడు. అది నవ్వుతాంది టీచర్. దానికి తెలీదు. సూది గుచ్చుకుంటే వారం దాంక అన్నం కలుపుకోలేవని దానికి తెలీదు.” పిల్ల కనులలో నీళ్లు లేవు. భాగహారం చేసి చూపినట్లే చెప్పింది. “నాకు అలవాటైంది. నన్నే ఉండనీండి.”

సుశీలమ్మ వరండా అరుగుమీద కూర్చున్నది. ఆరేండ్లుగా శనివారం శనివారం పిల్లలను ఎదుట కూర్చోబెట్టి, మనసులోని మాట చెప్పడం నేర్పుతున్నాననుకొన్నది. ఈ పిల్ల ఇన్నాళ్లూ ఏ మాటను మింగి కూర్చున్నదో ఆమెకు ఇప్పుడు తెలిసింది. నాలుగో తరగతి చదివే మసరత్‌కు మాత్రం ఇక్కడ చోటు లేదు.

మెహబూబున్నీసా సంచిలోనుంచి ఫోను తీసింది. అద్దం పగిలిన ఫోను. చెవిదగ్గర పెట్టుకొంటే వినపడదు. అందుకని గొంతు బయటికి వినిపించేటట్టు నొక్కి, అరచేతిలో ముఖానికి దూరంగా పట్టుకొన్నది.

“షావుకారూ, నేను మెహబూబున్నీసా. పులివెందుల్లో ఉండా. పెద్దపాపను ఈడ హాస్టలు బడిలో చేరుస్తాండా.”

“మంచిదే గదమ్మా! సదువు మంచిదే.” పట్టాభిరామయ్య గొంతు వెనుక గుడ్డ చింపుతున్న చప్పుడు. “మరి మా పాప రవికె?”

“గురువారం పొద్దున ఇస్తా. మిగిలిన చెయ్యి నేనే కుడతా. ఆపైన ఏ పని ఇచ్చినా నేనొక్కదాన్నే చేస్తా. మసరత్ మగ్గంకాడ కూచోదు.”

“దాన్ని కూచోబెట్టమని నేనంటినా? వేళ్లు సన్నంగా ఉండాయంటి. అంతే గదా.”

“అదే అనొద్దంటాండా షావుకారూ.”

గుడ్డ చింపే చప్పుడు ఆగింది.

“మెహబూబున్నీసా, నువ్వు పాతదానివి, నీతో దాపరికమేంది? నీ సూపు సంగతి నీకు తెలుసు. శ్రావణం పనంతా నీ ఒక్కదాని చేతిమీద పెట్టుకుంటే నేను పెండ్లోళ్లకు ఏం జవాబు చెప్పల్ల? రవికె ఇచ్చినాక మగ్గం విప్పుకో. వేరేవాళ్లను సూసుకుంటా. కోపమేం లేదు. అంగడి అంగడే.”

“సరే.”

“టీచరమ్మ నీతోనే ఉందా? ఉంటే ఒక మాట చెప్పు. శ్రావణ శనివారాలు పూజలు ఉండాయి, మేడమీద హాలు కావల్సొస్తాది. ఆపైన నిదానంగా సూద్దామని చెప్పు.”

“వింటానే ఉంది షావుకారూ,” అని మెహబూబున్నీసా ఫోను కట్టేసింది. దానిని మళ్లీ సంచిలో పెట్టుకొన్నది. మెడదాక వచ్చిన చెమటను కొంగుతో తుడుచుకొని, కూతురివైపు తిరిగింది.

“విన్న్యావు గదా?”

“అయితే ఇంట్లోకి ఎట్లమ్మీ?”

“అది నీ పని కాదు. నీకు పదకొండేండ్లు. చెప్పు, ఉంటావా?”

ఆస్మా తల్లి ముఖాన్ని చూచింది. కాగితం మీద ఎవరినైనా గీయబోయే ముందు చూచే చూపు అది. ఏ మూలనైనా అబద్ధం ఉన్నదేమోనని వెదకే చూపు. చూచి, ఉంటానని తల ఊపింది.

ప్రధానోపాధ్యాయిని నాలుగు పుటల దరఖాస్తు ఇచ్చింది. సుశీలమ్మ అరుగుమీదనే పరచుకొని, తన గుండ్రని దస్తూరితో నింపసాగింది. పేరు, తండ్రిపేరు, పుట్టినతేది, మాతృభాష, ఒంటిమీది గుర్తులు. మెహబూబున్నీసా పక్కన కూర్చుండి అడిగినదానికి జవాబు చెబుతూ ఉన్నది. మూడవ పుట చివర ఒక వరుస వచ్చింది: విద్యార్థిని ప్రత్యేక ప్రతిభ.

సుశీలమ్మ కలం మొదటిసారి ఆనాడు తేలికపడింది. ఈ వరుసలో ఏమి వ్రాయవలెనో ఆమెకు తెలుసు. చిత్రలేఖనంలో అసాధారణమైన ప్రజ్ఞ; ప్రకృతిని ఉన్నది ఉన్నట్లు చూడగల దృష్టి. వాక్యం సిద్ధంగా ఉన్నది.

మెహబూబున్నీసా కాగితంమీద చేయి పెట్టింది.

“టీచరమ్మా, ఒగ మాట. ఏమీ అనుకోవద్దండి. ఆడ బొమ్మల సంగతి రాయొద్దు.”

“ఎందుకమ్మా? అది చూస్తే ఇక్కడివాళ్లు పాపను ప్రత్యేకంగా చూస్తారు గదా.”

“సూస్తారు. అదే నా బయం.” ఆమె మాటలో నిష్ఠూరం లేదు. పెద్దదానితో మాట్లాడుతున్న మర్యాద ఎక్కడా తప్పలేదు. “ముందర మీరు సూసినారు. తర్వాత షావుకారు సూసినాడు. ఆయప్ప చెప్పినాక నేనూ సూసినా. అందరం ఆ చేతినే సూసినాం. మీరు శానా మంచోళ్లు టీచరమ్మా. మీ మాట పడితే ఊరంతా వింటాది. అందుకే అడుగుతాండా. నా బిడ్డ బాగా గీస్తాదని ఇంగ ఎవురికీ చెప్పొద్దండి. కొన్నాళ్లు ఆమె పాటికి ఆమెను గీసుకోనీండి.”

భోజనాల గంట కొట్టారు. పిల్లలు పళ్లేలతో వరండా వెంట బారులు తీరి పోతున్నారు. సుశీలమ్మ కలం కొనను ఆ ఖాళీమీద పట్టుకొని, వాళ్లందరూ దాటేవరకు కూర్చున్నది. కాగితంమీద ఒక చిన్న సిరాచుక్క పడి, అంచులు పాకింది. దాని పక్కనుంచి ఆమె గుండ్రంగా, స్పష్టంగా రెండక్షరాలు వ్రాసింది. వాటి చివర, వాక్యాన్ని ముగించే చుక్క పెట్టింది.

“లోపల ఇచ్చే ముందు ఒకసారి చదువుకో పాపా. తప్పులుంటే చెప్పు.”

ఆస్మా కాగితం తీసికొని, వేలు వరుసల వెంట జరుపుతూ పెదవులతో చదివింది. మూడవ పుట చివర ఆ వేలు ఆగింది.

“ప్రత్యేక ప్రతిభ,” అని పైకి చదివింది. “లేదు.”

సుశీలమ్మ ఎర్రగుట్టలవైపు చూస్తూ ఉండిపోయింది. పిల్ల ముఖంలోకి చూడడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

“సరిగ్గా ఉందా?”

“ఉంది టీచర్,” అన్నది ఆస్మా. పుటలను అంచులు కలిపి సర్ది, వంగి టీచరు పాదాలకు చేయి తాకించి, కాగితం నలగకుండా పట్టుకొని లోపలికి వెళ్లిపోయింది.